ఇంగ్లీషు క్రియ – తెలుగు కాలం

తెలుగు మాధ్యమంలో పదవ తరగతి వరకు చదివి కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి ఇంగ్లీషు వ్యాకరణం అనగానే కళ్లముందు మెదిలేది ఒక పట్టిక. అందులో నిలువు వరుసలు మూడు: వర్తమానం, భూతం, భవిష్యత్తు. అడ్డువరుసలు నాలుగు: సింపుల్, కంటిన్యువస్, పర్‌ఫెక్ట్, పర్‌ఫెక్ట్ కంటిన్యువస్. వెరసి పన్నెండు గళ్లు. ఆ గళ్లలో ‘ఐ గో’, ‘ఐ యామ్ గోయింగ్’ మొదలైన రూపాలను తడుముకోకుండా అప్పజెప్పగలిగితే టెన్సులు వచ్చినట్లేనని బడిలో లెక్క. కాని అలా అప్పజెప్పినవాడినే ఒక సెలవుచీటీ రాయమంటే రెండో వాక్యం దగ్గర కలం ఆగిపోతుంది. రూపాలన్నీ అతనికి వచ్చు. ఏ రూపం ఎప్పుడు కావాలో మాత్రం పట్టిక చెప్పలేదు. చాలా ఏళ్లపాటు తెలుగు పిల్లలకు ఇంగ్లీషు బోధించిన నాకు, ఆ పన్నెండు గళ్లు జ్ఞాపకశక్తిని పరీక్షిస్తాయే గాని అర్థం జోలికి పోవనే అభిప్రాయం బలపడుతూ వచ్చింది. విచిత్రమేమంటే, వాటిలో అన్నింటికంటె తికమకపెట్టే గడికి తగిన వివరణ మన తెలుగు వ్యాకరణంలోనే ఉంది.

ముందుగా భాషాభాగాల సంగతి. ఇంగ్లీషులో పదాలు ఎనిమిది విధాలని పిల్లలు వల్లిస్తారు. ఈ ఎనిమిది ఇంగ్లీషుకు పుట్టుకతో వచ్చినవి కావు. డయోనీసియస్ థ్రాక్స్ అనే ప్రాచీన గ్రీకు వైయాకరణుని పేరిట ప్రసిద్ధమైన గ్రంథం గ్రీకు పదాలను ఎనిమిది తెగలుగా విభజించింది. లాటిన్ పండితులు ఆ విభజననే తమ భాషకు అన్వయించుకున్నారు. లాటిన్‌లో ఆర్టికల్స్ లేవు. అయినా ఎనిమిది అనే సంఖ్యను వదులుకోవడం ఇష్టంలేక, ఆశ్చర్యాన్ని తెలిపే మాటలను ఒక తెగగా చేర్చి లెక్క సరిపెట్టారు. ఆ లెక్కే చేతులు మారి ఇంగ్లీషుకు చేరింది. 1795లో లిండ్లే మర్రే తన ఇంగ్లీషు వ్యాకరణంలో తొమ్మిది అన్నాడు. మన దేశంలో యాస్కుడు నిరుక్తంలో నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగే చెప్పాడు. తెలుగు వాచకాలు నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదు చెబుతాయి. పండితులు ఇన్ని రకాలుగా లెక్కించారంటే, ఈ విభజన ఎవరి అవసరానికి వారు చేసుకొన్న ఏర్పాటని గ్రహించాలి.

ఎనిమిదా, తొమ్మిదా అన్నదానికంటె, ఒక పదం ఏ తెగకు చెందినదో భాష ఎలా సూచిస్తుందన్నది ముఖ్యం. ఇక్కడ ఇంగ్లీషుకూ తెలుగుకూ దారులు వేరు. ఇంగ్లీషులో ‘వాటర్’ అంటే నీరు. అదే మాట వాక్యంలో చోటు మారితే మొక్కలకు నీరు పోయడం అనే క్రియ. ‘ఫాస్ట్’ అనే మాట పరుగు పందెంలో గెలిచినవానికి విశేషణం, అతడు పరుగెత్తిన తీరుకు క్రియావిశేషణం, ఏకాదశినాడు ఉపవాసం ఉండేవారి విషయంలో క్రియ, వారి ఉపవాసానికి నామవాచకం కూడా. మాట రూపం మారదు. అది కూర్చున్న చోటే దాని తెగను నిర్ణయిస్తుంది. అందుచేత ‘ఫాస్ట్ ఏ భాషాభాగం?’ అని విడిగా అడిగితే ఇంగ్లీషు పుట్టుభాషగా కలవాడు సైతం జవాబు చెప్పలేడు. ఏ వాక్యంలో అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

తెలుగు అలా ఊరుకోదు. మాట చివర గుర్తు ఉండాలి. ‘వేగం’ నామవాచకం, ‘వేగంగా’ క్రియావిశేషణం, ‘వేగమైన’ విశేషణం. ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకొన్న మాటలకు కూడా మనం ఈ నియమాన్ని సడలించలేదు. ‘బుక్’ అన్న మాటను ఇంగ్లీషువారు క్రియగా వాడితే వాడనీ, తెలుగువాడు ‘టికెట్ బుక్ చేశాను’ అంటాడు. ఫోన్ చేశాడు, పాసయ్యాడు, ఫెయిలయ్యాడు. మనిషి తానై చేసే పనికి ‘చేయు’, తనకు జరిగేదానికి ‘అవు’. ఏ పంతులూ నేర్పకుండానే, అక్షరం ముక్క రాని కూలీ కూడా ఈ రెండింటినీ తారుమారు చేయకుండా వాడతాడు. భాషాభాగాలు తెలియవని మనం జాలిపడే మనిషికి ఇంతటి వ్యాకరణం తెలుసు.

ఇక కాలాల విషయం. పట్టికలోని మొదటి గడిలో ‘సింపుల్ ప్రెజెంట్’ ఉంటుంది. ప్రెజెంట్ అంటే వర్తమానమని చెప్పి, ‘ఐ గో’ అంటే ‘నేను వెళ్తున్నాను’ అని కొందరు, ‘నేను వెళ్తాను’ అని మరికొందరు అర్థం రాయిస్తారు. మొదటి అర్థం సరికాదు. బస్టాండుకు నడుస్తున్నవాడు ‘ఐ గో’ అనడు, ‘ఐ యామ్ గోయింగ్’ అంటాడు. రెండో అర్థం చెబితే పిల్లలకు సందేహం వస్తుంది: ‘వెళ్తాను’ భవిష్యత్తు కదా, దానికి ‘విల్’ ఉండాలి కదా అని. ఆ సందేహం న్యాయమైనది. దానికి జవాబు చెప్పాలంటే చిన్నయసూరి దగ్గరకు వెళ్లాలి.

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో వర్తమానం, భూతం, భవిష్యత్తు అనే మూడింటితో పాటు ‘తద్ధర్మం’ అనే నాలుగవ అర్థం కనిపిస్తుంది. అది ధర్మంగా, స్వభావంగా, అలవాటుగా కలిగి ఉండటం తద్ధర్మం. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అన్నప్పుడు ఆ ఉదయించడం ఇవాళ్టిది కాదు, రేపటిది కాదు, నిన్నటిదీ కాదు. మూడు కాలాలకూ చెందుతుంది. సామెతలన్నీ తద్ధర్మంలోనే నిలబడతాయి. ‘నీరు పల్లమెరుగును’ అన్నామంటే ఫలానా రోజున ఫలానా నీరు పల్లానికి పోయిందని కాదు. ‘మొరిగే కుక్క కరవదు’ అన్నప్పుడు ‘మొరిగే’ అన్నదీ ‘కరవదు’ అన్నదీ కుక్క స్వభావాన్నే చెబుతున్నాయి. ఆ సామెతకు సాటివచ్చే ఇంగ్లీషు సామెతలో ‘బైట్’ అనే క్రియ ఏ రూపంలో ఉందో చూడండి. అది సింపుల్ ప్రెజెంటే. విజ్ఞానశాస్త్ర పాఠాలు, రైల్వే టైంటేబుళ్లు, ‘మా నాన్న వ్యవసాయం చేస్తాడు’ అనే పరిచయ వాక్యాలు, అన్నింటికీ ఇంగ్లీషు వాడేది ఈ రూపాన్నే. వర్తమానమన్న పేరు పెట్టుకొని ఉన్నా ఆ రూపం ప్రధానంగా చేసే పని తద్ధర్మానిది. మన బడిపుస్తకాలు సింపుల్ ప్రెజెంట్‌ను తద్ధర్మమని పరిచయం చేసి ఉంటే ఎన్ని వేల ఎర్రసిరా గీతలు తప్పేవో! తెలుగు పీరియడులో తద్ధర్మ విశేషణం చదివిన పిల్లవాడు తరువాతి ఇంగ్లీషు పీరియడులో దాన్ని పోల్చుకోలేకపోవడానికి, రెండు పీరియడ్ల మధ్య గోడ కట్టిన మనమే కారణం.

పై సందేహంలో రెండో సగం మిగిలి ఉంది: ‘వెళ్తాను’ భవిష్యత్తు కాదా? అవును, అదీ నిజమే. గ్రాంథిక భాషలో ‘వచ్చును’ వేరు, ‘వచ్చెదను’ వేరు. వాడుకభాషలో ఈ తేడా కరిగిపోయింది. ‘రోజూ ఏడింటికి వస్తాను’, ‘రేపు ఏడింటికి వస్తాను’ – రెండు చోట్లా ఒకే క్రియ. రోజూ, రేపు అనే మాటలే తేడా చెబుతున్నాయి. వ్యతిరేక రూపం తీసుకొన్నా అంతే. ‘నేను సినిమాలకు రాను’ అంటే అలవాటు లేదని, ‘రేపు రాను’ అంటే రాబోయే సంగతి. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. వారు ఈ ‘వస్తాను’ రూపాన్ని భవిష్యత్తుకూ అలవాటుకూ ఉమ్మడి అయినదిగానే వర్ణించారు. అంటే సహాయక్రియలు కలిసిన రూపాలను పక్కన పెడితే, నేటి తెలుగు క్రియ భూతం, భూతేతరం అని రెండు ముక్కలుగా చీలుతుంది.

యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం ఒకటుంది. అదే 1985లో క్వెర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్విక్ అనే నలుగురు పండితులు ఇంగ్లీషుకు ఒక బృహద్వ్యాకరణం ప్రకటించారు. ఇంగ్లీషు క్రియకు రూపాన్ని బట్టి ఉన్నవి రెండే కాలాలని, భవిష్యత్తుకు ప్రత్యేక క్రియారూపం లేదని అందులో చెప్పారు. అంతకుముందే డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ ఈ అభిప్రాయాన్నే వెలిబుచ్చాడు. ‘గో’కు భూతకాలంలో ‘వెంట్’ ఉంది. భవిష్యత్తులో ‘గో’ తనంతట తాను మారి మరొక రూపం ధరించదు. ‘విల్’ తోడు తెచ్చుకోవాలి. ఆ ‘విల్’ మొదట్లో కాలాన్ని చెప్పే మాట కాదు, కోరుకోవడమనే అర్థమిచ్చే క్రియ. ఆస్తి ఎవరికి చెందాలని కోరుకొంటున్నాడో మనిషి రాసిపెట్టే కాగితానికి ‘వీలునామా’ అని మనవారు పెట్టుకొన్న పేరులో ఆ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ‘షల్’ అన్నది ఒకప్పుడు బాకీపడి ఉండటాన్ని తెలిపేది. కోరికలనూ బాకీలనూ భవిష్యత్తు కింద జమకట్టుకొన్న భాష అది! పైగా ‘రైలు రేపు ఆరింటికి బయలుదేరుతుంది’ అనవలసినచోట ఇంగ్లీషువాడు ‘విల్’ లేకుండానే ‘ద ట్రెయిన్ లీవ్స్ టుమారో ఎట్ సిక్స్’ అనగలడు. పట్టికలో మూడు నిలువు వరుసలు గీసి, ఇంగ్లీషు తెలుగుకు ఎంతో దూరమని మనం భయపెట్టాం. తీరా చూస్తే రెండు భాషలూ రెండేసి గదుల ఇళ్లలోనే కాపురముంటున్నాయి.

రెండో అడ్డువరుసలోని కంటిన్యువస్ కూడా మనకు చుట్టమే. ‘చేస్తున్నాను’ అన్న మాటను విడదీస్తే చేస్తూ, ఉన్నాను అని రెండు వస్తాయి. మొదటిది శత్రర్థకం, రెండోది ‘ఉండు’ ధాతువు. ‘యామ్ డూయింగ్’ అన్నదీ సరిగ్గా ఇదే కూర్పు. ‘డూయింగ్’ శత్రర్థకం, ‘యామ్’ ఉనికిని చెప్పే క్రియ. క్రమం మాత్రం తలకిందులు.

అటువంటప్పుడు ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ వంటి వాక్యాలు మనవారి నోట ఎందుకు వస్తాయి? రెండోదానికి నాకు తోచిన కారణం ఇది: ‘నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు’ అన్న వాక్యం చివరి మాట, ‘చదువుతున్నారు’, ‘తింటున్నారు’ అన్నవాటి చివర వినిపించే మాటే. చెవి ఆ పోలికను పట్టుకొని కంటిన్యువస్ వైపు లాగుతుంది. మొదటిదానికి మాత్రం తెలుగును నిందించడానికి వీల్లేదు. తెలియడంలో పనేమీ జరగదు కనుక ‘నో’ అనే క్రియకు సాధారణంగా కంటిన్యువస్ ఉండదని ఇంగ్లీషు పుస్తకాలు చెబుతాయి. తెలుగు ‘తెలుసు’ ఇంకా కట్టుదిట్టమైనది. నాకు తెలుసు, నీకు తెలుసు, వాళ్లకు తెలుసు. నిన్నా తెలుసు, నేడూ తెలుసు. మనిషిని బట్టి గాని కాలాన్ని బట్టి గాని దానిలో మార్పు లేదు. ‘తెలుస్తున్నది’ అంటే అర్థమే వేరు. అంతవరకు తెలియనిది ఇప్పుడు బోధపడుతున్నదని. ఈ ఒక్క మాటను పలకమీద రాసి చూపితే చాలు, ‘నోయింగ్’ ఎందుకు పొసగదో పిల్లలు తామే చెబుతారు.

అందరినీ ఏడిపించేది పర్‌ఫెక్ట్. ‘నాన్న వచ్చాడు’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రెండు విధాలుగా చెప్పవచ్చు. ‘కేమ్’ అంటే ఎప్పుడో వచ్చాడు, ఇప్పుడు ఇంట్లో ఉన్నాడో లేదో ఆ వాక్యం పట్టించుకోదు. ‘హాజ్ కమ్’ అంటే వచ్చిన ఫలితం ఇంకా మిగిలి ఉన్నది. సాధారణంగా అతడు ఇక్కడే ఉన్నాడని. తెలుగులో ‘వచ్చి ఉన్నాడు’ అనే రూపం లేకపోలేదు గాని, నిత్యవ్యవహారంలో ‘వచ్చాడు’ రెండు పనులూ చేస్తుంది. ఇది నిజంగా కొత్తగా నేర్చుకోవలసిన తేడా. దీన్ని పట్టికలో ఒక గడిగా వదిలేస్తే ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంగతి చాలు.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి పగలు లేత్ వర్క్‌షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు చదువు సాగించి, ఒక పెద్ద కర్మాగారంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లాడు. ఎంత అనుభవం ఉందని అధికారి అడిగాడు. అబ్బాయి మనసులో ఉన్న తెలుగు వాక్యం ‘మూడేళ్లుగా పనిచేస్తున్నాను’. దాన్ని ఉన్నదున్నట్లు ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ యియర్స్’ అంటే తప్పని బడిలో అనేకసార్లు చీవాట్లు తిన్నాడు. సరైన రూపం ‘హావ్ బీన్ వర్కింగ్ ఫర్’ అని పట్టికలో చదివాడు గాని ఆ క్షణంలో అది నోటికి రాలేదు. క్షేమంగా ఉంటుందని ‘ఐ వర్క్‌డ్ ఫర్ త్రీ యియర్స్’ అన్నాడు. వాక్యంలో తప్పు లేదు. కాని దాని అర్థం ఆ పని ముగిసిపోయిందని. ‘ఎందుకు మానేశావు? ఇప్పుడేం చేస్తున్నావు?’ అని ఆ అధికారి అడిగాడు. తాను మానేశానని ఎప్పుడన్నాడో అబ్బాయికి అర్థం కాలేదు. ఏదో దాస్తున్నాడని అవతలివారికి అనిపించింది. ఉద్యోగం రాలేదు. దానికి ఆ ఒక్క క్రియే కారణమని నేను ప్రమాణం చేయలేను. అబ్బాయి మాత్రం ఆ ప్రశ్ననే తలచుకొని చాలా రోజులు బాధపడ్డాడు.

అతనికి నేను చూపించింది అతని తెలుగునే. ‘మూడేళ్లు పనిచేశాను’, ‘మూడేళ్లుగా పనిచేస్తున్నాను’ – ఈ రెండూ ఒకటేనా అని అడిగాను. ‘అదేమిటండీ, మొదటిది అయిపోయిన పని, రెండోది ఇంకా నడుస్తున్నది కదా’ అన్నాడు, ఇంత మాత్రం తెలియదా అన్నట్లు. ఇంగ్లీషువాడు ‘హావ్ బీన్’ అని మోసుకొని తిరిగే అర్థమంతా ఆ ‘గా’ అన్న ఒక్క అక్షరంలో అతనికి పుట్టినప్పటినుంచీ ఉంది. దాన్ని అవతలి ఒడ్డుకు చేర్చే పడవే అతనికి ఎవరూ చూపలేదు.

రెన్, మార్టిన్ అనే ఇద్దరు కూర్చిన ఇంగ్లీషు వ్యాకరణం మన దేశంలో తరతరాల విద్యార్థుల చేతుల్లో నలిగింది. నేనూ దానితోనే పాఠాలు చెప్పాను. అభ్యాసాల విషయంలో దానికి నేను రుణపడి ఉన్నాను. ఆ రెన్, 1924లో ‘బ్యూ జెస్ట్’ అనే సాహసకథ రాసిన నవలాకారుడేనని తరువాత తెలిసి ముచ్చటపడ్డాను. నవల రాసేటప్పుడు ఎవరూ గళ్లు చూసుకొని క్రియలు ఏరుకోరు కదా! అటువంటి పుస్తకాన్ని తెలుగు పిల్లవానికి చెప్పేటప్పుడు పక్కన బాలవ్యాకరణం కూడా ఉండటం మంచిదని నా నమ్మకం. ఈ పోలికలు వెతకడం కొత్త విద్యేమీ కాదు. 1816లో క్యాంబెల్, 1840లో సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకొనే ఇంగ్లీషువారి కోసం వ్యాకరణాలు రాసినప్పుడు తమ భాషను పక్కన పెట్టుకొనే మన క్రియలను వివరించారు. వారు అటునుంచి వేసిన వంతెన మీద మనం ఇటునుంచి నడవవచ్చు.

పోలిక చూపినంత మాత్రాన రెండు భాషలూ అన్ని చోట్లా కలుస్తాయనుకోరాదు. ఒకరి మాటను మరొకరికి చేరవేసేటప్పుడు అవి విడిపోతాయి. ‘తనకు జ్వరంగా ఉందని చెప్పాడు’ అన్నచోట తెలుగు ఆ మనిషి అన్న కాలాన్నే నిలుపుతుంది. ఇంగ్లీషు ‘సెడ్’ అన్న భూతకాలం వెనుక జ్వరాన్ని కూడా భూతకాలంలోకి లాగి ‘వాజ్’ అంటుంది. వార్తలు అనువదించేవారు ఈ ‘వాజ్’ చూసి ‘ఉండిందని చెప్పాడు’ అని రాస్తే, చదివినవారు జ్వరం తగ్గిపోయిందనుకొంటారు.

ఒకసారి తరగతిలో మన మాటలు కొన్ని ఇంగ్లీషులోకి మార్చమని ఇచ్చాను. వాటిలో ‘వెళ్లొస్తాను’ ఒకటి. చిన్న మాటే. వెళ్లి అన్న క్త్వార్థకం, వస్తాను అన్న భూతేతరం. ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని అందరూ రాశారు. ఈ మాటను వ్యాకరణపరంగా ఎవరూ తప్పుపట్టలేరు. ‘వెళ్లి’లోని ఇకారం చేసే పనికి ఇంగ్లీషులో ‘అండ్’ అనే సముచ్చయ పదం తేవలసివచ్చిందని నేను చెబుతుండగా, వెనుక వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, తన అక్క పెళ్లయి అత్తవారింటికి బయలుదేరేటప్పుడు అమ్మతో ఈ మాటే అన్నదని, ‘విల్’లో ఆ రావడం వినబడటం లేదని అన్నది. ‘కమ్ బ్యాక్’ అని పెట్టి చూశాం. ‘ఐ యామ్ లీవింగ్’ అని ఒకడు సూచిస్తే తరగతి అంతా ఒప్పుకోలేదు. అందులో వెళ్లడమే ఉంది. గంట మోగేవరకు పలకమీద ఐదారు వాక్యాలు రాసి కొట్టివేశాం. ‘వెళ్లొస్తాను’ ఒక్కటీ కొట్టివేయకుండా మిగిలింది.